సోషల్ క్లాసులో ఓటు యంత్రం, ఏటి నీరు, ఊరి పేర్లు

ప్రదర్శన రోజు వచ్చిందంటే సోషల్ మాస్టారికి మిగిలేది థర్మాకోల్ పార్లమెంటు, దాని చుట్టూ మిణుకుమనే సీరియల్ లైట్లు. ఆ లైట్లకీ రాజ్యాంగానికీ సంబంధం లేదు. వెలగకపోతే పిల్లలు వైరు కదిపి చూస్తారు తప్ప పుస్తకం తెరవరు. సోషల్‌కి పనికొచ్చే టెక్నాలజీ ప్రాజెక్టుకు మా కొలబద్ద ఒక్కటే. పరికరం మొరాయించినప్పుడు పిల్లల నోట వచ్చే ప్రశ్న సోషల్ పాఠంలోది కావాలి. "ఒకడే ఆరు ఓట్లు వేసేశాడు, ఇప్పుడెలా?" అనేది అలాంటి ప్రశ్న. "ఇక్కడ చినుకైనా పడలేదు కదా, ఏరెలా పొంగింది?" అనేది ఇంకోటి.

శ్రీకాకుళం, విజయనగరం బడుల్లో 8, 9, 10 తరగతులతో చేయించదగ్గవి మూడు ఇక్కడ రాస్తున్నాం. మొదటిదానికి ఆర్డుయినో, అంటే ప్రోగ్రాం ఎక్కించి బటన్లనూ దీపాలనూ నడిపే చిన్న బోర్డు, కావాలి. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడిలో సామాను బీరువాలోనే దొరుకుతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుంటే చాలు. రెండోదానికి అదే బోర్డు, బజరు, టబ్బులు, ఒక సెన్సరు. మూడోదానికి ఒక కంప్యూటరు, నెట్ ఉంటే పైసా ఖర్చు లేదు. తీరిక లేనివాళ్లు మూడోదానితో మొదలుపెట్టడమే మంచిది. మొదటిది మాత్రం తొందరలో అయ్యేది కాదు, మూడు నాలుగు పీరియడ్లు, పైన ఒక పోలింగ్ రోజు తింటుంది.

ఓటు యంత్రం

అసలు ఈవీఎంలో రెండు పెట్టెలు. కంట్రోల్ యూనిట్ పోలింగ్ అధికారి బల్ల మీద ఉంటుంది, బ్యాలెట్ యూనిట్ ఓటరు నిలబడే అట్టల చాటున ఉంటుంది, రెంటినీ 5 మీటర్ల కేబుల్ కలుపుతుంది. అధికారి 'బ్యాలెట్' బటన్ నొక్కితే ఓటరు వైపు పచ్చ దీపం వెలుగుతుంది. ఓటరు ఒక నీలం బటన్ నొక్కగానే దాని పక్కన ఎర్ర దీపం వెలిగి, బీప్ మని పొడుగ్గా మోగి, యంత్రం బిగుసుకుంటుంది. అధికారి మళ్లీ నొక్కేదాకా ఓటరు ఎన్నిసార్లు నొక్కినా లెక్కకు రాదు. పిల్లలు కట్టాల్సింది ఈ నడకనే. పైపెట్టెకి రెండు చెప్పుల డబ్బాలు చాలు.

సామాను: ఆర్డుయినో ఊనో 1, నొక్కుడు బటన్లు 8 (ఓటరు డబ్బాలో 5, అధికారి డబ్బాలో 3), ఎర్ర ఎల్‌ఈడీలు 6, పచ్చది 1, 220 ఓమ్‌ల రెసిస్టర్లు 7, 5 ఓల్టుల బజర్ 1, వెనక ఐ2సీ ముక్క (తక్కువ తీగలతో బోర్డుకి కలిపేది) ఉన్న 16×2 ఎల్‌సీడీ తెర 1, బ్రెడ్‌బోర్డులు 2, జంపర్ వైర్లు, పాత ల్యాన్ కేబుల్ 3 మీటర్ల ముక్కలు రెండు. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలే ఉంటాయి. ఓటరు డబ్బాకి బటన్లకు 5, ఎర్ర దీపాలకు 5, పచ్చ దీపానికి 1, గ్రౌండ్‌కు 1, వెరసి 12 వెళ్లాలి, అందుకే రెండు ముక్కలు. మిగిలిన నాలుగు తీగలు కత్తిరించకండి, వారం తిరిగేలోపు ఏదో ఒకటి తెగుతుంది.

పిన్నులు ఇలా పంచుకోవాలి. 2 నుంచి 6 దాకా అభ్యర్థుల బటన్లు, 7 నుంచి 11 దాకా వాటి ఎర్ర దీపాలు, 12 పచ్చ దీపం, 13 బజర్. ఏ0 బ్యాలెట్ బటన్, ఏ1 క్లోజ్, ఏ2 రిజల్ట్, ఏ3 అధికారి డబ్బా మీది ఎర్ర దీపం. ఏ4, ఏ5 ఎల్‌సీడీకి. 0, 1 పిన్నుల జోలికి పోకండి, ప్రోగ్రాం ఎక్కేది వాటి మీదుగానే. బటన్లకు విడిగా రెసిస్టరు అక్కర్లేదు. ఒక కాలు పిన్నుకి, ఇంకో కాలు గ్రౌండ్‌కి ఇచ్చి, ప్రోగ్రాంలో ఆ పిన్నుని 'ఇన్‌పుట్ పులప్' అని చెప్పాలి. అప్పుడు నొక్కితే సున్నా, వదిలితే ఒకటి. ఈ తిరకాసు దగ్గర పిల్లలు ఒక పీరియడ్ పోగొట్టుకుంటారు, ముందే బోర్డు మీద పెద్దగా రాసి ఉంచండి. నాలుగు కాళ్ల బటన్‌లో రెండేసి కాళ్లు లోపల ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఆ రెంటికీ వైర్లు పెడితే యంత్రం దృష్టిలో బటన్ ఎప్పుడూ నొక్కే ఉంటుంది. మూలకి మూల ఉన్న కాళ్లు పట్టుకుంటే ఈ గొడవ రాదు.

మొదటి పీరియడ్‌లో తాళం లేని యంత్రం కట్టించండి. అంటే బటన్ నొక్కితే ఓటు పెరుగుతుంది, అంతే. అధికారి డబ్బా ఉండదు. అభ్యర్థుల గుర్తులు రాజకీయ పార్టీలవి కాకుండా వల, వీణ, జీడిపిక్క, తాటిముంజె అని కాగితం మీద గీసి అతికించండి, ఐదో బటన్ నోటా. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చింది నోటా. శాసనసభకైనా లోక్‌సభకైనా నోటాకే ఎక్కువ ఓట్లు వచ్చినా దాని తర్వాతి అభ్యర్థే గెలిచినట్టు. పిల్లలు ఇది ఒప్పుకోరు, గట్టిగా వాదిస్తారు. వాదించనివ్వండి.

ఇప్పుడు ఓట్లు వేయించండి. ముప్పై మంది ఉన్న క్లాసులో మొత్తం ఏ డెబ్బయ్యో చూపిస్తుంది. కొందరు కావాలని పదిసార్లు నొక్కుతారు. కొందరు మాత్రం "నానొక్కపాలే నొక్కినాను మాస్టారూ" అంటారు, వాళ్ల మాట నిజమే. బటన్ లోపలి రేకు నొక్కగానే ఒక్కసారిగా అతుక్కోదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతుంది, ఆర్డుయినో ఆ అదురు ప్రతిదాన్నీ ఓటనుకుంటుంది. 50 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివితే అదురు పోతుంది. కావాలని నొక్కేవాడు మాత్రం పోడు. వాడిని ఆపడానికి ఏం చేయాలో మీరు చెప్పకండి, పిల్లలే చెప్పాలి. మూడో నిమిషంలోనో ఐదో నిమిషంలోనో ఎవరో ఒకరు "పక్కన ఒకరు కూర్చుని ఒక్కొక్కరికే తాళం తీయాలి" అంటారు. బ్యాలెట్ బటన్ అక్కడ పుడుతుంది. పోలింగ్ అధికారి ఎందుకన్న పాఠం కూడా అక్కడితో అయిపోయినట్టే.

రెండో పీరియడ్‌లో యంత్రానికి మూడు స్థితులు పెట్టించాలి: మూసి ఉంది, ఒక్క ఓటుకు తెరిచి ఉంది, పోలింగ్ ముగిసింది. మూసి ఉన్నప్పుడు బ్యాలెట్ నొక్కితే తెరుచుకుంటుంది, పచ్చ దీపం వెలుగుతుంది. తెరిచి ఉన్నప్పుడు ఏ అభ్యర్థి బటన్ నొక్కినా ఒక ఓటు పెరిగి వెంటనే మూసుకుంటుంది. ఈ తాళం పడ్డాక అభ్యర్థి బటన్ అదిరినా రెండో ఓటు పడదు. క్లోజ్ నొక్కితే ముగుస్తుంది. ముగియకుండా రిజల్ట్ నొక్కితే ఏమీ చూపించకూడదు. క్లోజ్, రిజల్ట్ కలిపి 5 సెకన్లు పట్టుకుంటే లెక్క చెరిగిపోవాలి, అదీ ఫలితం ఒకసారి చూపించిన తర్వాతే.

కరెంటు పోతే ఓట్లు పోకూడదు కాబట్టి ప్రతి ఓటునీ ఆర్డుయినోలోని ఈఈప్రామ్‌లో రాయించాలి. ఇది కరెంటు లేకున్నా నిలిచే చిన్న జ్ఞాపకం, ఊనోలో 1024 బైట్లు. 0 నుంచి 4 దాకా గళ్లలో ఐదుగురి ఓట్లు పెట్టండి. 5వ గడిలో యంత్రం స్థితి పెట్టండి. ఐదో గడి చాలామంది మర్చిపోతారు. అప్పుడు పోలింగ్ ముగించిన యంత్రం వైరు పీకి మళ్లీ పెడితే మళ్లీ ఓట్లు తీసుకుంటుంది! ఈ లొసుగును పిల్లల్లో ఒక జట్టుని వెతకమని వదిలేయండి, సాయంత్రానికి పట్టేస్తారు. ఒక్కో గడిలో 255 దాటి పట్టదు. బడి మొత్తం ఓటేసేటట్టయితే ఒక్కొక్కరికి రెండేసి గళ్లు ఇవ్వాలి.

కొత్త బోర్డు అయితే ఇంకో వింత కనిపిస్తుంది. ఈఈప్రామ్‌లో ఎవరూ ఏమీ రాయకముందు ప్రతి గడిలోనూ 255 ఉంటుంది. ఒక్క ఓటూ పడకముందే వలకి 255, వీణకి 255! ప్రోగ్రాంలో "255 ఉంటే సున్నా అనుకో" అని రాసి తప్పించుకోవచ్చు. తప్పించుకోకండి. పోలింగ్ మొదలవకముందు పార్టీల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ ఎందుకు చేస్తారో, ఫలితం చూపించి చెరిపేసి సీలు ఎందుకు వేస్తారో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ దొరకదు. మీ యంత్రానికీ మాక్ పోల్ పెట్టండి. నలుగురు ఏజెంట్లు ఒక్కొక్కరు పదేసి ఓట్లు వేసి, నోటాకి పది కలిపి, కాగితం మీద రాసుకుని, ఫలితంతో సరిచూసి, క్లోజ్, రిజల్ట్, క్లియర్ వరసలో చెరిపేసి, డబ్బా మూతకి కాగితపు పట్టీ అతికించి దాని మీద సంతకాలు పెట్టాలి.

మూడో పీరియడ్ అంతా కాగితాలకే. యంత్రం ఎంత బాగున్నా పక్కన రిజిస్టరు లేకపోతే అది ఆటవస్తువే. ఓటరు వచ్చిన వరసలో ఓటర్ల జాబితాలోని సంఖ్య, సంతకం తీసుకునేది ఫారం 17ఏ (బడిలో సంఖ్య బదులు పేరు రాయించండి). చివర ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి ఏజెంట్లకు ఇచ్చేది ఫారం 17సీ. ఈ రెండూ తెల్లకాగితం మీద గీయించండి. ఎడమచేతి చూపుడువేలికి సిరాచుక్క మార్కరుతో పెట్టొచ్చు. సంతకం పెట్టాక "నేను వేయను" అనే పిల్లాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు. అసలు నిబంధనల్లోనూ వాడికి చోటుంది. ఆ మాట రిజిస్టరులో రాసి సంతకం తీసుకుంటారు, 49-ఓ నియమం అదే. చివర్న 17ఏలో ఉన్న పేర్లలోంచి ఇలా వద్దన్నవాళ్లను తీసేస్తే యంత్రం చూపే మొత్తం రావాలి. రాకపోతే ఫలితం ప్రకటించకండి, తేడా ఎక్కడో దొరికేదాకా కూర్చోబెట్టండి.

రహస్యం సంగతి విడిగా చెప్పాలి. ప్రోగ్రాం సరిచూసుకోవడానికి పిల్లలు ప్రతి నొక్కునీ కంప్యూటర్ తెర మీద, అంటే సీరియల్ మానిటర్‌లో, పడేలా రాసుకుంటారు. పోలింగ్ రోజు ఆ వరస తీసేయడం మర్చిపోయి, యూఎస్‌బీ వైరు ల్యాప్‌టాప్‌కే ఉంచేస్తారు. ఇక తెర మీద వల, వీణ, వల, నోటా అని వరసగా పడుతుంది. పక్కనే 17ఏలో పేర్లూ అదే వరసలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెడితే ఎవరు ఎవరికి వేశారో చంటిపిల్లాడికీ తెలుస్తుంది. మీరు నోరు మూసుకుని, ఫలితం వచ్చాక ఆ రెండు కాగితాలూ ఒక్క మాదిరి పోలింగ్‌లో మాత్రమే (నిజం క్లాసు లీడర్ ఎన్నికలో కాదు) క్లాసుకి చూపించండి. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

సమానంగా ఓట్లు వచ్చినప్పుడు ప్రోగ్రాం ఎవరిని గెలిపిస్తుందో కూడా చూడండి. ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠం కంటే 'పెద్దదైతే' మార్చు అని రాసినవాళ్ల యంత్రం వరసలో ముందున్నవాడిని గెలిపిస్తుంది. 'పెద్దదైనా సమానమైనా' అని రాసినవాళ్లది చివరివాడిని గెలిపిస్తుంది. ఒక చిన్న గుర్తు తేడాతో లీడర్ మారిపోయాడు. చట్టం ఇక్కడ చీటీ తీయమంటుంది, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్. కాబట్టి యంత్రం 'సమానం' అని చూపించి ఊరుకోవాలి, చీటీ మనుషులే తీయాలి.

చిన్నచిన్న చిక్కులు కొన్ని. ఎల్‌సీడీ మీద నీలం గళ్లు తప్ప ఏమీ కనిపించకపోతే వెనకనున్న నీలం డబ్బీ మీది మరను చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి, అప్పటికీ రాకపోతే చిరునామా 0ఎక్స్27 బదులు 0ఎక్స్3ఎఫ్ పెట్టి చూడాలి. దాని మీద తెలుగు రాదు, తెలుగు అక్షరాలు అందులో లేవు. పిల్లలు దీనికి చిన్నబుచ్చుకుంటే చెప్పండి, 1951-52లో మొదటి సాధారణ ఎన్నికల నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది, అందుకే గుర్తులు వచ్చాయి. 9 ఓల్టుల చదరపు బ్యాటరీ మధ్యాహ్నానికి పడిపోతుంది. పవర్ బ్యాంకు మేలే గానీ, కరెంటు మరీ తక్కువ లాగితే కొన్ని వాటంతటవే ఆగిపోతాయి, అందుకని ఎల్‌సీడీ వెనక దీపం ఆర్పకండి. బటన్ల కింద అట్ట వంగితే బటన్ లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది, కింద రెండు పొరల అట్ట ముక్క వేయాలి. ల్యాన్ తీగలు డబ్బాలోకి దూరే చోట వేడి జిగురు పెట్టకపోతే లాగిన ప్రతిసారీ ఒక అభ్యర్థి ఓట్లు ఆగిపోతాయి. ఆ అభ్యర్థి ఏజెంట్ చేసే గొడవ మాత్రం చూడముచ్చటగా ఉంటుంది.

వీవీప్యాట్, అంటే వేసిన ఓటును చీటీ మీద అచ్చువేసి చూపే పెట్టె, కోసం థర్మల్ ప్రింటర్ కొనకండి. అసలుదానిలో చీటీ అద్దం వెనక 7 సెకన్లు కనిపించి డబ్బాలో పడుతుంది. మనకు ఓటరే యంత్రం నొక్కాక ఒక చీటీ మీద గుర్తు గీసి, మడిచి, మూతలో కంత ఉన్న డబ్బాలో వేస్తే సరిపోతుంది. లెక్కింపులో ప్రతి అసెంబ్లీ నియోజకవర్గానికీ 5 పోలింగ్ కేంద్రాలను లాటరీ తీసి చీటీలతో సరిచూస్తారు. మీ క్లాసుకి రెండు జట్లు రెండు యంత్రాలు కట్టి ఉంటే లాటరీలో ఒకదాన్నే ఎంచి సరిచూడండి. రెండోదాన్ని ఎందుకు నమ్మాలని అడుగుతారు. గణితం మాస్టారిని పిలవాల్సిన చోటు అది.

ఏటి నీరు

వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి ఇక్కడికి వస్తాయి, రెండూ సుమారు 250 కిలోమీటర్ల నదులే. వంశధార హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాగావళి తోటపల్లి మీదుగా శ్రీకాకుళం పట్నం ఒరుసుకుంటూ కళ్లేపల్లి దగ్గర కలుస్తుంది. ఎగువన వాన, దిగువన వరద. ఈ మాట పిల్లలకు చెప్తే తలూపుతారు. టబ్బుల్లో చూపిస్తే గడియారం అడుగుతారు.

మూడు పాత్రలు మెట్లు మెట్లుగా పెట్టాలి. పైన 60 సెంటీమీటర్ల పొడుగు ట్రే, దాని నిండా ఇసుక, ఒకవైపు ఇటుక పెట్టి ఎత్తు చేయాలి, కిందివైపు కంత. అది ఎగువ పరివాహక ప్రాంతం. మధ్యలో కనీసం 20 సెంటీమీటర్ల వెడల్పు, 20 లోతు ఉన్న ప్లాస్టిక్ టబ్బు, దాని అడుగున అక్వేరియం పైపు, పైపుకి తిప్పే వాల్వు. అది బ్యారేజీ, ఆ వాల్వే గేటు. కింద పల్చటి ట్రేలో మట్టి, అగ్గిపెట్టెల ఇళ్లు. టబ్బు అడుగు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున కర్ర కట్టి దానికి హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సరును ముఖం కిందకి చేసి బిగించాలి. అది శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే సమయాన్ని మైక్రోసెకన్లలో ఇస్తుంది. దాన్ని 0.0343తో గుణించి రెండుతో భాగిస్తే సెంటీమీటర్లు. 30లోంచి అది తీసేస్తే నీటిమట్టం. టబ్బు ఇరుకైతే శబ్దం గోడకి తగిలి తప్పు లెక్క వస్తుంది, 20 వెడల్పు అందుకే అడిగాం. అలలకి అంకెలు గెంతుతుంటే నీటి మీద పల్చటి థర్మాకోల్ బిళ్ల తేలనిచ్చి, ఐదు రీడింగులు తీసి మధ్యదాన్ని తీసుకోవాలి. సెన్సరుకి 2 సెంటీమీటర్ల లోపు ఏమీ కనిపించదు, నీరు దాని దాకా రానివ్వకండి.

8 సెంటీమీటర్లకు ఒక బీప్, 11కి ఆగని బీప్. మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అని రేడియోలో వినే మాటలు ఇవే. పైట్రేలో పూలకుండీలకు పోసే క్యానుతో నీరు పోస్తూ ఉండండి, మొదటి బీప్‌కి ఎంతసేపు, రెండోదానికి ఎంతసేపు, వాల్వు తీశాక అగ్గిపెట్టెలు తడవడానికి ఎంతసేపు అని మూడు జట్లు ఫోన్లలో స్టాప్‌వాచ్ పట్టుకోవాలి. తర్వాత పైట్రేలో ఇసుక మీద కొబ్బరిపీచు పరిచి మళ్లీ అంతే నీరు, అదే జోరుతో పోయండి. ఆ పూటకి కొండ మీద చెట్లెందుకన్న పాఠం చదవాల్సిన పని తప్పుతుంది.

ఆ తర్వాత క్లాసుని రెండు రాష్ట్రాలుగా చీల్చండి. పైట్రే దగ్గర ఇంకో సెన్సరు పెడితే దిగువవాళ్లకు ఎంత ముందుగా తెలుస్తుందో లెక్క కట్టించండి. ఆ సెన్సరు ఎగువవాళ్ల చేతిలో ఉంది, వాళ్లు రీడింగు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. గేటు దిగువవాళ్లది, దించితే నీరు వెనక్కి ఎగదన్ని పైవాళ్ల పొలం మునగొచ్చు. వంశధార మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ గురించి ఆంధ్ర, ఒడిశాల మధ్య ఏళ్లకేళ్లు నడిచిన వాదమూ, వంశధార ట్రిబ్యునల్ 2017లో ఇచ్చిన తీర్పూ అప్పుడు చదివిస్తే ఎక్కుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి నష్టం ఒకటైతే, ఆ వెనకే వచ్చిన వంశధార వరద ఇంకోటి. తారీఖులు రెండూ ఒకటి కావు అన్నది ఈ టబ్బుల తర్వాత ఎవరికీ వివరించక్కర్లేదు.

క్యూసెక్కులు, టీఎంసీలు పేపర్లో చదివి అలా వదిలేసే మాటలు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఊరి పక్క పంటకాలువలో దీన్ని కొలిపించొచ్చు. గట్టు మీద 10 మీటర్లు కొలిచి గీతలు పెట్టి, నిమ్మకాయ వదిలి సమయం చూడాలి. వెడల్పు 2 మీటర్లు, లోతు 0.5, నిమ్మకాయ 20 సెకన్లలో దాటిందనుకుందాం. వేగం సెకనుకి అర మీటరు. 2 × 0.5 × 0.5 చేసి, అడుగున నీరు మెల్లగా నడుస్తుంది కాబట్టి 0.85తో తగ్గించాలి. 0.425 ఘనమీటర్లు, సుమారు 15 క్యూసెక్కులు. ఇది మోకాలి లోతు దాటని కాలువలోనే, అదీ లోతు కర్రతో గట్టు మీంచి కొలిచే పద్ధతిలోనే. వాన పడ్డాక గెడ్డ (వాగు) దగ్గరికి పిల్లలను ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకెళ్లకండి.

ఊరి పేర్లు

ఆమదాలవలస, కొత్తవలస, మద్దువలస. ఈ రెండు జిల్లాల్లో 'వలస' అని ముగిసే ఊళ్లు అడుగడుగునా తగులుతాయి. ఇచ్ఛాపురం, కవిటి వైపు వెళ్తే 'పుట్టుగ' అని ముగిసే ఒడియా పేర్లు వస్తాయి. ఏ మండలంలో ఏవి ఎక్కువో లెక్కపెట్టించడమే ప్రాజెక్టు.

కేంద్ర ప్రభుత్వపు లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సైటులో జిల్లా ఎంచుకుంటే గ్రామాల జాబితా ఫైలుగా దిగుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, పేర్ల వరసకి ముందు 'ట్రిమ్' సూత్రం వేయాలి. చివర కనిపించని ఖాళీలుంటే 'వలస'తో ముగిసే ఊరు కూడా ముగియనట్టే లెక్క. తర్వాత ఫిల్టర్‌లో 'ఎండ్స్ విత్' ఎంచి ముగింపు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి. పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి ఒకే ముగింపుకి రెండు మూడు స్పెల్లింగులు దొరుకుతాయి, ముందు ఒక ఇరవై పేర్లు కళ్లతో చూసి స్పెల్లింగుల పట్టీ తయారు చేసుకోవాలి. మండలాల వారీగా లెక్క 'పివట్ టేబుల్'తో ఒక్క నిమిషం పని.

కాసేపటికి ఒకరిద్దరు "మా పేట ఇందులో లేదు" అంటారు. ఉండదు. జాబితా రెవెన్యూ గ్రామాలది, శివారు పేటలు పెద్ద ఊరి పేరులో కలిసిపోతాయి. ఊరికి దూరంగా, గెడ్డ అవతల ఉన్న పేటలే ఎక్కువగా ఇలా మాయమవుతాయి. లేని పేటలన్నీ ఇంకో షీటులో రాయించండి. ఫోను తీసుకెళ్లి ఒక్కొక్క పేట దగ్గర అక్షాంశం, రేఖాంశం నోట్ చేసి, బోరు, రేషన్ డిపో, అంగన్‌వాడీ, పోలింగ్ కేంద్రం ఎంత దూరం నడవాలో కూడా రాసుకొస్తే ఇదే మ్యాపు ప్రాజెక్టు అవుతుంది. నడక దూరమే రాయాలి, గీత గీసిన దూరం కాదు. ఎవరింట్లో ఏ జబ్బు ఉంది, ఎవరిది ఏ కులం అన్నవి మ్యాపులో పెట్టనివ్వకండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు బడుల్లో రోగుల ఇళ్లు గుర్తించాలన్న ఉత్సాహం సహజంగా వస్తుంది, దాన్ని మంచినీటి వనరుల మీదికి మళ్లించండి. టీడీఎస్ మీటరుతో కొలవొచ్చు, తాగేనీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది ప్రమాణం. అయితే ఆ అంకె నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చెప్తుంది తప్ప జబ్బు కారణాన్ని చెప్పదు. పిల్లలు రెంటినీ ముడిపెట్టేస్తే అక్కడే ఆపాలి.

అంకెలు ఎక్కించేటప్పుడు మూడు తప్పులు ఖాయం. శ్రీకాకుళం అక్షాంశం 18.3, రేఖాంశం 83.9. ఈ రెండూ తారుమారైతే ఊరు ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది, క్లాసు నవ్వుకుంటుంది, తప్పు దొరికిపోతుంది. రెండోది అంత తేలిగ్గా దొరకదు. 18 డిగ్రీల 18 నిమిషాలను 18.18 అని రాస్తారు. అది 18.30, తేడా 13 కిలోమీటర్లు, ఊరు పక్క మండలంలో పడి నమ్మశక్యంగానే కనిపిస్తుంది. మూడోది దశాంశాలు కత్తిరించడం. రెండు దశాంశాలకు కిలోమీటరు గురి, నాలుగు ఉంచితే 11 మీటర్లు. కొబ్బరితోట నీడలో ఫోను గురి తప్పుతుంది, బయట ఆరుబయట నిలబడి అర నిమిషం ఆగాకే అంకె రాసుకోవాలి.

జనాభా లెక్కలు జోడించేటప్పుడు ఒక జాగ్రత్త. 2011 లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, విజయనగరం 23,44,474. అవి పాత జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం, కురుపాం, సాలూరు, పాలకొండ వెళ్లి పార్వతీపురం మన్యం అయ్యాయి, రాజాం విజయనగరంలోకి వచ్చింది. పాత అంకెను కొత్త మ్యాపు మీద వేస్తే జనసాంద్రత తప్పు వస్తుంది. మండలం అంకెలు తీసుకుని ఇప్పటి జిల్లాకి కూడుకోవాలి. ఆ పాత లెక్కల్లో వెయ్యిమంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లు ఉన్నారు. మగవాళ్లు ఎక్కడికి వెళ్లారని పిల్లలు అడుగుతారు. జవాబు చాలామంది ఇళ్లలోనే ఉంటుంది, గుజరాత్‌లోని వేరావల్ రేవుకో హైదరాబాదు కట్టడం పనికో వెళ్లిన నాన్నో బాబాయో.

చివర్న 'వలస' ఊళ్లలో ఒక ఐదు ఎంచి, ఆ పేరు ఎలా వచ్చిందో అక్కడి ముసలివాళ్లను అడిగి ఫోనులో రికార్డు చేయించండి. ముందు అనుమతి అడగాలి, తర్వాత ఊరు, తారీఖు గొంతుతో చెప్పి మొదలుపెట్టాలి. ఫోను వాళ్ల ఒళ్లోనో పక్కన దిండు మీదో ఉంచాలి, ఫ్యాను ఆపేయాలి. ఒకే ఊరికి ఇద్దరు రెండు కథలు చెప్తే షీటులో రెండు గళ్లు చేసి రెండూ రాయాలి. మూడో గడి ఖాళీగా ఉంచాలి.